తగ్గింది

"ముందు మీరు వేలు పెట్టండి డాక్టరుగారూ. మీకేం కాలేదని తేలాక నేను పెడతాను," అన్నాడు గవర్రాజు.

డాక్టర్ కృపావతి మొండి రోగుల్ని చాలామందినే చూసింది గానీ, పరీక్ష తనకే పెట్టినవాడు ఈయనొక్కడే. నవ్వు ఆపుకుని బల్ల మీదున్న తెల్లటి పెట్టె రంధ్రంలో చూపుడువేలు దూర్చింది. చురుక్కుమంది. ఒక్క బొట్టు నెత్తురు లోపలికి పోయింది. వాడిన సూది దానంతటదే ఊడి చెత్తడబ్బాలో పడింది, కొత్త సూది వచ్చి కూర్చుంది. గవర్రాజు డబ్బా మూత తీసి, పాత సూది నిజంగా పడిందో లేదో చూసుకుని, అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

గోదావరి మీద కరెంటు పడవలు సిటీ బస్సుల్లా తిరుగుతూ, రాజమండ్రి వీధుల్లో డ్రైవర్ లేని ఆటోలు హారన్ కొట్టకుండా పోతున్న రోజులవి. హారన్ కొట్టని ఆటోని నమ్మడం ఎలాగని జనం కొన్నాళ్ళు ఎక్కనే లేదు. అలాంటి ఊళ్ళో కూడా గవర్రాజంత అనుమానం మనిషి దొరకడం కష్టం. రైల్లో టికెట్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడాయన. బెర్తు కింద దాక్కున్నవాణ్ణి వాడి చెప్పులు చూసి పట్టేవాడు. నిద్ర నటించేవాణ్ణి వాడి ఊపిరి విని లేపేవాడు. ఆ ఉద్యోగానికి ఆ అనుమానం అవసరమే, ఎవరూ కాదనరు. రిటైరైన రోజున నల్లకోటు విప్పినట్టు దాన్ని కూడా విప్పి వంకీకి తగిలించాల్సింది. ఆ పని చేయలేదు. పాలవాడు మొదలుకుని పక్కింటివాళ్ళ దాకా అందరినీ టికెట్ అడుగుతున్నట్టే చూసేవాడు. ఇక ఇంట్లో ఇల్లాలు మంగతాయారు సంగతి చెప్పనక్కర్లేదు. ఆవిడ తునిలో ఉన్న చెల్లెలితో ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడితే చాలు, ఈయన మంచినీళ్ళ కోసం వచ్చినట్టు వంటింట్లోకి వచ్చేవాడు.

అంతటి మనిషికి పెద్దపేగులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి జానెడు పేగు తీసేశారు. అయితే జబ్బు పక్కనున్న లింఫ్ గ్రంథుల దాకా పాకి ఉండటంతో మళ్ళీ వచ్చే ప్రమాదం ఉందన్నారు. వస్తే ముందుగా పసిగట్టాలి. అందుకే ఈ తెల్లపెట్టె. పేరు కావలి. దాన్ని తయారుచేసింది కృపావతే.

కావలి చేసే పని చాలా తేలికైనది, వినడానికి. మన రక్తంలోని తెల్లకణాల్లో టి-సెల్స్ అని కొన్ని ఉంటాయి. ఒళ్ళంతా తిరుగుతూ, ఎదురైన ప్రతి కణాన్నీ నిలబెట్టి నువ్వెవరని అడగడం వాటి ఉద్యోగం. ఒక్కో టి-సెల్ పైన బొడిపెల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. వాటిని మార్కర్లంటారు. ఆ మార్కర్లు చూస్తే ఆ కణం చురుగ్గా ఉందా, నిద్రపోతోందా, అలిసిపోయి చేతులెత్తేసిందా అన్నది తెలిసిపోతుంది. పేగులో ట్యూమర్ మళ్ళీ మొలకెత్తితే దానితో తలపడి వచ్చిన టి-సెల్స్ ఒంటి మీద అలసట మార్కర్లు వేసుకుని రక్తంలోకి తిరిగొస్తాయి. గడ్డ ఇంకా స్కాన్‌కి కనబడనంత చిన్నదిగా ఉన్నప్పుడే రక్తంలోని కణాలు ఆ కబురు మోసుకొస్తాయన్నమాట. పెట్టెలోని లేజర్ వాటిని ఒక్కొక్కటిగా చదువుతుంది.

గవర్రాజుకి ఇది ఆయన భాషలోనే చెప్పింది కృపావతి.

"టికెట్ లేనివాడు మిమ్మల్ని చూడగానే ఏం చేస్తాడండీ?"

"స్టాఫండీ, పాసుందండీ అంటాడు."

"చూపించమంటారు. చూపించాడు. అచ్చం అసలు పాసులాగే ఉంది. అప్పుడు?"

"వదిలేస్తాను. వదలక ఏం చేస్తాను?"

"క్యాన్సర్ కణం చేసేది అదేనండీ. దొంగ పాసు చూపిస్తుంది. టి-సెల్ అనుమానం పోయి వదిలేస్తుంది. అలా ఎన్నోసార్లు వదిలేశాక ఇంక ఎవరినీ అడగడమే మానేస్తుంది. జబ్బు ముదిరేది అక్కడే."

గవర్రాజుకి పౌరుషం వచ్చింది. "నా ఒంట్లో ఉండి నా కణాలకి అనుమానం లేకపోవడమేంటండీ? ఆపరేషన్‌లో రక్తం ఎక్కించారు చూడండి, అదెవరిదో ముందు కనుక్కోండి," అన్నాడు.

కావలికి ఇంకో గొప్ప కూడా ఉంది. ఫలితాన్ని కాగితం మీద రాయదు, నోటితో చెబుతుంది. అందుకొక కారణం ఉంది. మన ఇళ్ళల్లో పెద్ద జబ్బు వస్తే ఆ సంగతి వీధివీధంతా తెలుస్తుంది, రోగికి తప్ప. "ఆయనకి మాత్రం చెప్పకండి డాక్టరుగారూ" అన్న మాట వినని డాక్టరు ఆంధ్రదేశంలో ఉండడు. కాగితాలు కొడుకుల జేబుల్లోకి పోతాయి, రోగి చేతికి బత్తాయిరసం వస్తుంది. ఈ దాపరికం అంటే కృపావతికి ఒళ్ళుమంట. అందుకని పెట్టెని తెరచాటున పెట్టించి, రోగి ఒక్కడికే వినబడేలా ఒక్క ముక్కలో మాట్లాడటం నేర్పింది. టి-సెల్స్ చురుకు పెరిగితే "పెరిగింది." మారకపోతే "అలాగే ఉంది." పడిపోతే "తగ్గింది." ఆ మూడు మాటలూ తనే కాఫీ చల్లారేలోపు రాసిచ్చింది. ఏ మాటకి అర్థమేంటో మొదటిరోజే రోగులందరికీ చెప్పేది. గవర్రాజుకి కూడా చెప్పింది. ఆ సమయంలో ఆయన పెట్టె వెనక్కి వెళ్ళి, వైరు ఎక్కడికి పోతోందో చూస్తున్నాడు.

మొదటి నెల పెట్టె "పెరిగింది" అంది.

గవర్రాజు తెరచాటునుంచి బయటికి వచ్చేసరికి మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఏవందండీ?" అని మంగతాయారు అడుగుతున్నా ఆగలేదు. తిన్నగా కృపావతి గదిలోకి వెళ్ళాడు.

"నిజం చెప్పండి డాక్టరుగారూ. ఎలా ఉంది?"

ఆమె కంప్యూటర్ తెర మీద గీత చూసి, "చాలా బాగుందండీ. ఇలా ఉంటే బెంగే లేదు," అంది.

ఆయన ఆమె వంక చూశాడు. తర్వాత భార్య వంక చూశాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. ఓహో, ఇద్దరూ ఒకటయ్యారన్నమాట అనుకున్నాడు. ఇలాంటి అబద్ధాలు ఎలా చెబుతారో ఆయనకు బాగా తెలుసు. ఆయన తండ్రి మంచాన పడ్డప్పుడు అది గ్యాస్ ట్రబులేనని చివరిదాకా నమ్మించింది ఈయనే.

మరుసటి నెల కూడా "పెరిగింది." ఆ పై నెల కూడా. పెట్టె అలా అన్నప్పుడల్లా డాక్టరు బాగుందనడం, భార్య దేవుడికి దండం పెట్టుకోవడం, ఈయన లోపల్లోపల కుమిలిపోవడం. మనిషి సగమైపోయాడు. మోటారు ఫ్యూజు ఎలా వేయాలో మంగతాయారుకి నేర్పాడు. నల్లకోటు తీసి, ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చేశాడు. ఒకరోజు ఆవిడ బీరకాయలు తరుగుతుంటే వెనకనుంచి వచ్చి, దొంగని పట్టుకున్నట్టు, "ఎన్నాళ్ళన్నారు?" అని అడిగాడు.

"ఏంటండీ ఎన్నాళ్ళు?"

"ఏం లేదు. తరుక్కో."

ఆవిడకి అర్థం కాలేదు గానీ ఆ చూపు మాత్రం అర్థమైంది. కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింటికి ఉత్తరం రాస్తుంటే చూసిన చూపే అది. మనిషి చావు దాకా వెళ్ళి వచ్చినా ఈ చూపు మారదా అని కత్తిపీట ముందే కూర్చుని కళ్ళు తుడుచుకుంది. బాగుందని డాక్టరమ్మ చెబుతుంటే ఈయన ఎందుకు ఎండిపోతున్నాడో అడగాలని ఉండేది. అడిగితే ఆ ప్రశ్న మీద కూడా అనుమానం వస్తుందని ఊరుకునేది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున పెట్టె "తగ్గింది" అంది.

గవర్రాజు చెవులు నమ్మలేక, మళ్ళీ చెప్పే మీట నొక్కాడు. "తగ్గింది" అంది పెట్టె. ఇంకోసారి నొక్కాడు. "తగ్గింది." ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. రెండు చేతులూ జోడించి ఆ పెట్టెకి దండం పెట్టాడు. ఈ ఆస్పత్రి మొత్తంలో అబద్ధమాడనిది నువ్వొక్కదానివేనమ్మా అన్నాడు పైకే. కృపావతి ఆ రోజు సెమినార్ కోసం విశాఖపట్నం వెళ్ళింది. ఆమె ఉన్నా ఆయన ఆగేవాడు కాదు.

"తాయారూ, తగ్గింది!" అని వరండాలో గట్టిగా అరిచాడు. మంగతాయారు స్తంభాన్ని పట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం వీధిలో అందరికీ పూతరేకులు పంచారు. పాలవాడికి కూడా ఒకటిచ్చాడు గవర్రాజు, వాడి వంక మామూలుగా చూస్తూ.

విశాఖ నుంచి వచ్చాక కృపావతి తెర మీద గీత చూసి ఉలిక్కిపడింది. బాగా పడిపోయింది. టి-సెల్స్ సగానికి పైగా అలసట మార్కర్లు వేసుకుని తిరుగుతున్నాయి. ఎక్కడో ట్యూమర్ మొలకెత్తింది. అయినా చేయి దాటిపోలేదు. దొంగ పాసు చెల్లకుండా చేసే ఇంజెక్షన్ ఉంది, అది పడితే టి-సెల్స్ కళ్ళు తెరుస్తాయి. కాకపోతే లేపడానికి కొన్ని కణాలన్నా మిగిలుండాలి. అన్నీ అలిసిపోయాక ఆ మందు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. ఆమె వెంటనే రమ్మని కబురు పంపింది. రాలేదు. ఫోన్ చేస్తే, "ఇంకెందుకండీ, నమస్కారం," అని గవర్రాజు పెట్టేశాడు.

ఇప్పుడు అనుమానించడం డాక్టరు వంతైంది. ఎవడో పసరు మందు పోస్తున్నాడనుకుంది. కొత్తగా వెలిసిన ఇంకో ఆస్పత్రివాళ్ళు రోగుల్ని ఎగరేసుకుపోతున్నారనుకుంది. చివరికి మంగతాయారే భర్త దగ్గర నిజం దాచిపెట్టి ఇంట్లో కూర్చోబెట్టిందని గట్టిగా అనిపించి, ఆవిడకే ఫోన్ చేసి కసిరింది.

"మీరంతా ఇంతేనమ్మా! ఆయనకి చెప్పకుండా దాచి ఏం సాధిస్తారు?"

"దాచడమేంటి డాక్టరమ్మా? మీ దయవల్ల ఆయనకి తగ్గింది కదా," అంది మంగతాయారు.

"తగ్గిందని ఎవరు చెప్పారు?"

"అదేంటమ్మా, మీ పెట్టే చెప్పింది."

కృపావతికి అప్పుడు తట్టింది. జ్వరం తగ్గింది. దగ్గు తగ్గింది. నాకు తగ్గిందండీ, రేపటినుంచి పనిలోకి వస్తాను. చిన్నప్పటినుంచి తను విన్నదీ, అన్నదీ అదే. తెలుగులో రోగి చెవికి ఆ మాటకి ఒకటే అర్థం, కోలుకున్నావని. అది తెలియనంత పెద్ద చదువు ఎక్కడ చదివాను అనుకుంది.

అంతలో ఇంకో సంగతి గుర్తొచ్చింది. పరీక్ష అయ్యాక రోగులు బయటికి వెళ్తూ, తమకెలా అనిపించిందో చెప్పడానికి, నవ్వుమొహం బొమ్మో ఏడుపుమొహం బొమ్మో నొక్కుతారు. చురుకు పడిపోయినవాళ్ళే ఎక్కువగా నవ్వుమొహం నొక్కారని గమనించి ఆమె ఎంతో మురిసిపోయింది. నిజాన్ని నేరుగా చెబితే మనవాళ్ళు ధైర్యంగా తీసుకుంటారనడానికి ఇదే రుజువని మొన్న విశాఖ సెమినార్‌లో చెప్పి చప్పట్లు కొట్టించుకుని వచ్చింది కూడా. వాళ్ళు ధైర్యంగా వెళ్ళలేదు. జబ్బు తిరగబెట్టినవాళ్ళంతా తగ్గిందని సంబరపడుతూ ఇళ్ళకు వెళ్ళారు. కబురు పంపినా కొందరు తిరిగి రానిది అందుకే.

ఆ రోజే పెట్టె చెప్పే మాటలు మార్పించి, వాళ్ళందరికీ కబుర్లు పంపించి, చేత్తో పట్టుకుపోయే చిన్న కావలి ఒకటి తీసుకుని ముందుగా ఇన్నీసుపేటలోని గవర్రాజు ఇంటికి వెళ్ళింది. ఆయన సంగతంతా విన్నాడు. వేళ్ళ మెటికలు విరుచుకున్నాడు. చాలాకాలానికి మళ్ళీ డ్యూటీ ఎక్కినట్టు ఆయన కళ్ళు మెరిశాయి.

"మీ పెట్టె పెరిగింది అన్నప్పుడల్లా మీరు బాగుందన్నారు. అవునాండీ?"

"అవును."

"ఇప్పుడది తగ్గింది అంటే మీరు బాగోలేదంటున్నారు."

"అవునండీ, ఎందుకంటే..."

"ఆగండాగండి. అంటే మీరూ మీ పెట్టే ఏనాడూ ఒక్క మాట మీద లేరు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. అబద్ధమాడితే పెట్టెకి ఏమొస్తుంది? దానికేమన్నా ఇంజెక్షన్లు పొడిచే పనుందా?"

కృపావతి చిన్న పెట్టె బల్ల మీద పెట్టింది. "పోనీ దీన్నే అడగండి. పూర్తిగా చెబుతుంది." ఆయన వేలు పెట్టాడు. "మీ టి-సెల్స్ చురుకు తగ్గింది. డాక్టరును కలవండి," అంది పెట్టె.

"నిన్నటిదాకా ఒక్క ముక్క మాట్లాడే పెట్టెకి ఇవాళ ఇన్ని మాటలు ఎవరు నేర్పారండీ?"

"నేనే."

"చూశారా!" అన్నాడు గవర్రాజు, కుర్చీలో వెనక్కి వాలి.

అబద్ధానికైతే జవాబుంటుంది. ఆయన వాదనలో తప్పు ఎక్కడుందో కృపావతికి దొరకలేదు. మనుషుల మాట కంటే యంత్రం మాట నమ్మాలని ఇన్నాళ్ళూ ఊరికి బోధించింది తనే. నమ్మనివాడు ఒక్కడే మిగిలాడనుకుంటే, వాడు కూడా నమ్మేశాడు. ఆమె బ్యాగు సర్దుకుంది. వేళ్ళు వణుకుతుంటే జిప్పు పడలేదు.

వంటింటి గుమ్మంలోంచి మంగతాయారు ఆ వేళ్ళ వంకే చూస్తోంది. అబద్ధమాడే మనిషికి చేతులు అలా వణకవనుకుందో ఏమో, ముందుకు వచ్చింది.

"ఏవండీ, కిందటేడు నాకు ఒంట్లో రక్తం తగ్గిందన్నారు. మీరు వీధిలో పూతరేకులు పంచారా?"

గవర్రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "రక్తం తగ్గితే పూతరేకులు పంచడమేంటే?"

"మరి ఏం చేశారు?"

"బీట్‌రూట్లు తెచ్చాను."

"మీ బావగారికి చూపు తగ్గిందన్నారు. ఆయనకి కళ్ళు బాగయ్యాయా?"

ఆయన చిన్న పెట్టెని తనవైపు తిప్పుకున్నాడు.

"పెట్టె తగ్గింది అంది. ఏది తగ్గిందో అడిగారా?"

గవర్రాజు పెట్టె వంకా, డాక్టరు వంకా, భార్య వంకా చూశాడు. "నా సర్వీసులో ఒక్క టికెట్టయినా రెండోవైపు తిప్పి చూడకుండా వదల్లేదు తాయారూ," అన్నాడు. "దీన్ని మాత్రం అడగలేదు. అది నాకు కావాల్సిన మాటే చెప్పిందే, ఇంకేం అడుగుతాను?" ఆ వయసులో ఆయన చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే ఆవిడకీ ఏడుపొచ్చింది.

కాసేపయ్యాక తేరుకుని, "అయితే అది పెరిగింది అన్నన్నాళ్ళూ..." అన్నాడు.

"మీరు నిక్షేపంలా ఉన్నారండీ," అంది కృపావతి.

"ఛ! ఆ రోజులన్నీ చావు కోసం ఎదురుచూస్తూ పాడుచేసుకున్నానే," అని తల పట్టుకున్నాడు.

ఆ వారంలోనే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కృపావతి మిగతా ఇళ్ళు కూడా తిరిగింది. నవ్వుతూ తలుపు తీసినవాళ్ళకి, మీకు తగ్గలేదండీ అని చెప్పడం ఎంత కష్టమో తిరిగినకొద్దీ తెలిసింది. కొందరు తిట్టారు. కొందరు వెంటనే చెప్పులేసుకుని బయల్దేరారు. రెండు ఇళ్ళల్లో గుమ్మంలో కొడుకులే ఎదురొచ్చి, ఆలస్యమైందన్నారు. ఆ రెండు ఇళ్ళనూ ఆమె మరిచిపోలేదు. ఊళ్ళో మాత్రం ఈ కథ వేరేలా పాకింది. ఇప్పుడు రాజమండ్రిలో జలుబు తగ్గిందని ఎవరన్నా అంటే, ఎదుటివాళ్ళు సంతోషించకుండా కాసేపు మొహంలోకి చూస్తారట.

వానలు పడేసరికి గవర్రాజుకి గడ్డ కరిగిపోయింది. స్కాన్‌లో మచ్చ కూడా లేదు. కానీ ఆయన ఆస్పత్రికి నడిచి రాలేకపోయాడు. మోకాళ్ళు బూరెల్లా వాచాయి. చేతుల నిండా ఎర్రటి దద్దుర్లు. మంగతాయారు జబ్బ పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

కృపావతి మార్కర్లు చూసి నిట్టూర్చింది. "మందు బాగా పనిచేసిందండీ. కొంచెం ఎక్కువ పనిచేసింది. మీ టి-సెల్స్‌కి ఇప్పుడు అనుమానం పెరిగిపోయింది. టికెట్ ఉన్నవాళ్ళని కూడా రైల్లోంచి దింపేస్తున్నాయి. మీ చర్మాన్నీ, మీ మోకాళ్ళనీ దొంగలనుకుంటున్నాయి."

"నా మోకాళ్ళ మీద అనుమానమేంటండీ? పుట్టినప్పట్నుంచీ నన్ను మోసుకు తిరిగినవే కదా!"

"వాటికది తెలియదండీ. ఒకసారి అనుమానం పట్టుకున్నాక ఎదురుగా ఉన్నది ఎవరన్నది చూడవు."

"ఇదేం బుద్ధండీ మరీ!" గవర్రాజుకి నిజంగానే కోపం వచ్చింది. "బయటివాణ్ణి అనుమానించమంటే అర్థముంది. కూడా ఉండి చాకిరీ చేసేవాళ్ళని ఇలా కాల్చుకు తింటే ఎలా? ఎన్నాళ్ళని ఓర్చుకుంటాయవి?"

కృపావతి మందుచీటీ మీద తల వంచుకుంది. మంగతాయారు భర్త పక్కనే నిలబడి ఉంది. ఆవిడ గొంతులో కోపం లేదు.

"ఇన్నేళ్ళూ నాకు అడగడం చేతకాని మాట అదేనండీ," అంది.

గవర్రాజుని కుర్చీలోంచి లేపడానికి ఆవిడ చెయ్యి చాచింది. ఆయన ఆ చేతి వంక చాలాసేపు చూసి, పట్టుకున్నాడు.